మహబూబ్ పాషా గురి

లష్కరు విడిచి ఉత్తర దిక్కుగా సాగితే అల్వాలు దాటగానే బొల్లారం దండు వస్తుంది. దానిని ఆనుకొని ఉన్న ఊరు మచ్చ బొల్లారం. ఇప్పుడది మహానగరంలో కలిసిపోయిన బస్తీ. పంతొమ్మిదవ శతాబ్దంలో మాత్రం బొల్లారం అన్న మాట వినగానే దక్కను ప్రజలకు తోచినది ఊరు కాదు, సైన్యం. హైదరాబాదు కంటింజెంటు అనే దళానికి అది ముఖ్యస్థానం. ఆ దళం నిజాము పేరిట నిలిచినది, నిజాము ధనంతో పెరిగినది. ఆజ్ఞ ఇచ్చేవారు మాత్రం ఆంగ్లేయ అధికారులు. దాని జీతాల బాకీలు పేరుకుపోగా, 1853లో డల్హౌసీ ప్రభువు ఒత్తిడికి లొంగి నిజాము నాసిరుద్దౌలా పత్తిపంటకు పేరొందిన బీరారును కుంపిణీ వశం చేసినాడు. బొల్లారం చాందమారీలో పేలిన ప్రతి తూటాకు వెల చెల్లించినవాడు బీరారు రైతు అనడం అతిశయోక్తి కాదు.

ఆ ఒప్పందం జరిగిన పదమూడేండ్లకు, 1866 ఆగస్టులో, పురానీ హవేలీలో మీర్ మహబూబ్ అలీఖాన్ జన్మించినాడు. ప్రజలు మహబూబ్ పాషా అని ముద్దుగా పిలుచుకున్న ఆరవ నిజాము ఆయనే. ఆ ప్రభువును గురించి పాతబస్తీలో కథలకు కరువు లేదు. పాము కరిచినవాడు ఆయన పేరు తలచుకుంటే విషం దిగేదని ఒక కథ. మారువేషంతో రాత్రులు వీధులు తిరిగేవాడని మరొకటి. ఈ కథల మధ్య సగం కథగాను సగం చరిత్రగాను నిలిచినది ఆయన తుపాకి గురి.

తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో మరణించేనాటికి మహబూబ్ రెండున్నర ఏండ్ల పసివాడు. మొదటి సాలార్జంగు, షమ్సుల్ ఉమరా రాజప్రతినిధులై పాలన సాగించినారు. క్లర్క్ అనే ఆంగ్లేయ సైనికోద్యోగి పర్యవేక్షణలో బాలునికి చదువు మొదలైనది. నిజాములలో పాశ్చాత్య విద్య నేర్చిన మొదటివాడు ఈయనే. పదేండ్ల వయస్సులో, 1877లో, ఢిల్లీలో జరిగిన చక్రవర్తినీ దర్బారుకు వెళ్ళి కూర్చున్నాడు. పుస్తకం కంటె గుర్రం మీద, గుర్రం కంటె తుపాకి మీద ఆయనకు మక్కువ ఎక్కువ. వేటలో ఆయనకు సన్నిహితుడైన మీర్జా మహమ్మదలీ బేగ్ కంటింజెంటు అశ్వికదళం నుండి వచ్చినవాడే. అఫ్సర్ జంగు, అఫ్సరుల్ ముల్కు బిరుదులు పొంది తరువాత నిజాము సైన్యాధిపతి అయినాడు. ఆ విధంగా బొల్లారం దండు అప్పునే కాక స్నేహాన్ని కూడ ఆయనకు ఇచ్చినది.

1884 ఫిబ్రవరి 5న రిప్పన్ ప్రభువు స్వయంగా వచ్చి పదిహేడేండ్ల యువకునికి అధికారం అప్పగించినాడు. ఆ అధికారానికి ఎన్ని కట్లు ఉన్నవో యువకునికి తెలియక పోలేదు. దివానును నియమించాలన్నా, తొలగించాలన్నా రెసిడెంటు అభిప్రాయం తెలుసుకోవలసినదే. అడవిలో మాత్రం ఎవరి అభిప్రాయంతోను పనిలేదు. పులి వచ్చిన క్షణంలో తుపాకి పట్టినవాడే ప్రభువు. మహబూబ్ అలీఖాన్ వేటను అంతగా ప్రేమించడానికి ఇదొక కారణమని ఊహిస్తే తప్పు కాదేమో.

గాలిలోకి ఎగురవేసిన నాణేన్ని ఆయన తుపాకితో కొట్టేవాడని నగరంలో చెప్పుకునేవారు. ముప్పదికి పైగా పులులను కొట్టినందున తీస్ మార్ ఖాన్ అన్న పేరు వచ్చినదని కూడ అంటారు. ఆ పేరు అసలు ముప్పది ఈగలను చంపి వీరుడనని చెప్పుకున్న జానపద కథానాయకునిది. పులుల లెక్క ఎట్లున్నా నాణెం మాట ఆలోచింపదగినది. ఎగిరిన నాణెం పైన నిలిచేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో గొట్టం వెంట చూపు సారించి, మొనను గాడిలో నిలిపి, గురి సరిచూసుకోవడం మానవునికి సాధ్యం కాదు. కన్ను నాణేన్ని చూస్తుంది. చేతులు తుపాకిని భుజానికి ఎత్తుతవి. కన్ను చూచిన చోటికే గొట్టం కూడ చూడాలి. అట్లా చూడవలెనంటే తుపాకి ఆ మనిషి ఒంటికి కుట్టిన అంగీ వలె అమరి ఉండాలి. అమర్చేది ఉక్కు కాదు, కర్ర.

దక్కనీ వాడుకలో ఆ కర్రను కుందా అంటారు. గొట్టాన్నీ యంత్రాన్నీ తనలో ఇముడ్చుకొని, వెనుక మడమగా భుజానికి ఆనేది అదే. లండను, బర్మింగ్‌హాము తుపాకి శిల్పులు దర్జీలు కొలతలు తీసినట్లే గిరాకీదారు కొలతలు తీసేవారు. దూరదేశాలవారు కొలతలు వ్రాసి పంపేవారు. మొదటిది పొడవు: ట్రిగ్గరు నుండి మడమ కొస వరకు సామాన్యంగా 14 అంగుళాలు. రెండవది వంపు: చెంప ఆనే అంచు గొట్టపు రేఖకు ఎంత దిగువన ఉండాలన్నది. మూడవది పక్కవాటు: కుడిచేతివానికి కర్రను కొద్దిగా కుడివైపుకు ఒరిగించడం. పొడవు మించితే ఎత్తేటప్పుడు మడమ చంకలో తగులుకుంటుంది. షేర్వానీ తొడిగినవానికి ఈ బాధ మరీ ఎక్కువ. కురచైతే తన్నుకు బొటనవ్రేలు ముక్కును గుద్దుతుంది. చెంప అంచు ఎత్తైతే దెబ్బ పైకి, పల్లమైతే క్రిందికి పోతుంది. మహబూబ్ పాషాది చిన్నపాటి విగ్రహం. ఆరడుగుల దొర కొలతకు చెక్కిన కుందాను ఆయన భుజాన పెడితే ఎంతటి గురికాడైనా నాణేన్ని కాదు, నాణెం పక్కనున్న ఆకాశాన్ని కొట్టి ఉండేవాడు. ఆయన గురిని మెచ్చుకున్నవారు చేతిని, కంటిని మెచ్చుకున్నారు. ఆ రెంటినీ కలిపిన కొయ్యను చెక్కినవాని పేరు ఎవరూ అడుగలేదు.

పులివేట సంగతి వేరు. ఏనుగు అంబారీ నుండి గాని మంచె మీది నుండి గాని కొట్టే దెబ్బకు దూరం తక్కువ, గడువు తక్కువ. మొదటి దెబ్బ తప్పితే రెండవది తక్షణం సిద్ధంగా ఉండాలి. అందుకే ఆ కాలపు పెద్దవేటకు జంట గొట్టాల ఎక్స్‌ప్రెస్ రైఫిలు ప్రసిద్ధమైనది. జంట గొట్టాల తుపాకిలో ఒక చిక్కున్నది. కుడి గొట్టం పేలితే తుపాకి కుడికి, ఎడమ గొట్టం పేలితే ఎడమకు మొరాయిస్తుంది. రెండు గొట్టాలను సమానాంతరంగా అతికితే రెండు తూటాలు రెండు దారులు పడతవి. కనుక శిల్పి వాటిని కొస దగ్గర కొంచెం ఒకదానివైపు ఒకటి వాల్చి అతికి, కాల్చి చూచి, అతుకు కరిగించి, మళ్ళీ వాల్చి, మళ్ళీ కాల్చి, రెండు తూటాలు ఒక్కచోట పడేదాకా విడిచిపెట్టడు. ఇది ఒక్క మందు కొలతకే సరిపోయే ఏర్పాటు. మందు మారితే తూటాలు మళ్ళీ విడిపోతవి. కర్ర బిగువు సడలినా అంతే. యంత్రం కుందాలో కూర్చునే చోట సందు పుడితే తుపాకి తన్నే తీరు మారుతుంది, శిల్పి నెలల తరబడి పడిన శ్రమ వృథా అవుతుంది. అందుకే ఆ చోట లోహానికి మసి పూసి కర్రలో దించి, మసి అంటిన మేరకు ఉలితో గోకి, మళ్ళీ దించి, ఎక్కడా వెలితి లేకుండా కూర్చోబెట్టేవారు.

ఈ పనికి ప్రపంచమంతటా పేరు పొందినది అక్రోటు కర్ర. తేలికగా ఉండి గట్టిది, తన్నుకు సులభంగా చీలదు, ఉలికి లొంగుతుంది, బాగా ఆరిన తరువాత వంకరపోవడం తక్కువ. మన జిట్టేగి అందమైనదే కాని బరువు. టేకు నీటికి ఓర్చుకుంటుంది, తన్నుకు ఓర్చుకోవడం కష్టం. అక్రోటులోనైనా ఈనె పోయే దిక్కు చూచి కోయాలి: పిడికిలి పట్టే సన్నని మెడ దగ్గర ఈనె మెడ వెంటనే సాగాలి, అడ్డంగా పోతే అక్కడే విరుగుతుంది.

ఎంత మంచిదైనా కర్ర కర్రే. మన పల్లెల్లో ఈ సంగతి తెలియనివాడు లేడు. వైశాఖంలో ఎండకు బండిచక్రపు ఆకులు వదులైతే రైతు చక్రాన్ని చెరువునీట నానవేస్తాడు. శ్రావణంలో తలుపు ద్వారబంధంలో పట్టుకొని మూయరాదు. కర్ర తేమను త్రాగి ఉబ్బుతుంది, ఎండకు కక్కి ముడుచుకుంటుంది. అదీ ఈనె పొడవున కాదు, అడ్డంగా. ఇంగ్లండు చలిలో ఆరబెట్టి వెంట్రుకవాసి సందు లేకుండా చెక్కిన కుందా ఓడ దిగి దక్కను మే నెల వడగాలిలో పడితే ఏమవుతుందో, తరువాత ఆగస్టు ముసురులో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అవిసె నూనె పట్టించేది ఇందుకే. నూనె తేమను ఆలస్యం చేస్తుంది గాని ఆపలేదు.

జంట గొట్టాల తుపాకికి ముందరి కర్ర విడిముక్క. దూరం కూడ తక్కువ గనుక పులివేటలో ఋతువు తెచ్చే తేడా ప్రాణం మీదికి రావడం అరుదు. సిపాయి రైఫిలుకు అట్లా కాదు. అందులో ముందరి కర్ర గొట్టం పొడవునా క్రింద పరుచుకొని ఉంటుంది. తూటా పేలిన క్షణంలో గొట్టం మీటిన తంత్రి వలె కంపిస్తుంది. ఆ కంపం ప్రతిసారీ ఒక్క తీరుగా ఉంటే తూటాలు ఒక్కచోట పడతవి. కర్ర ఒకరోజు తగిలి, ఒకరోజు వదలి, ఒకరోజు పక్కనుండి నెట్టితే కంపం మారుతుంది. 28 అంగుళాల గొట్టం కొస అంగుళంలో నూరవవంతు పక్కకు ఒరిగితే నూరు గజాల దూరంలో తూటా అంగుళంపావు తప్పుతుంది. ఆరువందల గజాలలో ఏడంగుళాలకు పైగా. నిన్న సరిగా కాల్చిన సిపాయి నేడు తప్పితే హవల్దారు వాని చేతిని తిట్టేవాడు. తప్పు కర్ర త్రాగిన వాననీటిది కావచ్చునని ఎందరికి తోచినదో. ఆ తప్పును తొలగించడానికి పట్టిన కాలం ఒక తరం కాదు. నేటి పందెపు రైఫిళ్ళలో గొట్టాన్ని కర్రకు తగలనీయకుండా గాలిలో విడిచిపెడతారు. యంత్రం కూర్చునే పల్లంలో ఎపాక్సీ బంక పోసి లోహపు అచ్చు తీస్తారు. అల్యూమినియం దిమ్మెలు, గాజునార, కార్బను నార వాడుతారు. అవి నీరు త్రాగవు. మహబూబ్ పాషా కాలంలో ఆ సౌకర్యం ప్రభువుకూ లేదు, సిపాయికీ లేదు.

ప్రభువుకూ సిపాయికీ ఉన్న తేడా మరొకటి. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్ల ప్రభుత్వం దేశీయ సైనికుని చేతికి గోరా సైనికుని తుపాకికంటె ఒక మెట్టు తక్కువదానినే ఇచ్చే నీతిని అవలంబించినది. గోరాలకు మార్టినీ హెన్రీ వచ్చినప్పుడు సిపాయికి స్నైడరు. వారికి లీ మెట్‌ఫర్డు వచ్చిన పిమ్మట వీరికి మార్టినీ. కుందా ఎవరి ఒంటి కొలతకూ చెక్కినది కాదు. భుజం పొడవైనా పొట్టైనా సిపాయే కర్రకు సర్దుకోవాలి. 1903లో వచ్చిన పొట్టి లీ ఎన్‌ఫీల్డులో మడమలు పొట్టి, మధ్య, పొడుగు అని వేరువేరు పొడవులలో వచ్చినవి. అయినా దొరల వేట తుపాకుల వలె ఒక్కొక్కరి కొలతకు చెక్కినవి కావు అవి. ప్రపంచంలోని శ్రేష్ఠమైన తుపాకిని తన కొలతకు చేయించుకోగల ప్రభువు తన సొమ్ముతో బ్రతికే దళానికి ఏ తుపాకి ఇవ్వాలో నిర్ణయించలేడు. ఆయన మనస్సులో ఇది ముల్లై గుచ్చినదో లేదో చరిత్ర చెప్పదు. 1887లో వాయవ్య సరిహద్దు రక్షణకు 60 లక్షల రూపాయలు ఇస్తానని ఆయన ముందుకు వచ్చినాడు. దేశీయ సంస్థానాల సైన్యాలను సామ్రాజ్యసేవకు తీర్చే ఏర్పాటుకు ఆ వాగ్దానమే దారితీసినది.

వేటకై వచ్చే అతిథులకు హైదరాబాదులో కొదువ లేదు. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు వచ్చినాడు. జీవితంలో రెండు లక్షల డెబ్బదివేలకు పైగా జంతువులను, పక్షులను కొట్టి లెక్క వ్రాసి పెట్టుకున్న మనిషి. 1914లో సరజీవోలో అతనిని కూల్చిన చిన్న పిస్తోలుకు అటువంటి ఏర్పాట్లేవీ అక్కరలేకపోయినవి. దూరం రెండు మూడు గజాలే. మహబూబ్ పాషాకు అంతకు రెండేండ్ల ముందే మరొక విధమైన గాయం తగిలినది. జాకబు అనే వర్తకుడు తెచ్చిన వజ్రం విషయమై 1891లో వ్యాజ్యం నడచి, ప్రభువు సాక్ష్యం చెప్పవలసి వచ్చినది. వర్తకుడు నిర్దోషిగా బయటపడినాడు.

అసలు దెబ్బ 1902లో తగిలినది. సాలార్జంగు జీవితమంతా కన్న కల బీరారు తిరిగి రావడం. అందుకోసం ఆయన 1876లో ఇంగ్లండు వరకు వెళ్ళి ఉత్తచేతులతో తిరిగివచ్చినాడు. ఆ కల శిష్యునికి వారసత్వంగా వచ్చినది. 1902 మార్చి 30న వైస్రాయి కర్జను హైదరాబాదులో నిజామును ముఖాముఖి కలుసుకున్నాడు. మాటకారితనంలో కర్జనుకు సాటి లేరు. మహబూబ్ పాషా మితభాషి. బీరారు తిరిగిరాదని, ఆ ఆశ వదలుకొని శాశ్వత కౌలుకు ఒప్పుకోవడమే మేలని వైస్రాయి తేల్చి చెప్పినాడు. నవంబరు 5న ఒప్పందం కుదిరినది: ఏడాదికి 25 లక్షల రూపాయలు, బీరారు ఎప్పటికీ ఆంగ్లేయుల చేతిలో. నిజాముకు జి.సి.బి. బిరుదు దక్కినది, ఆ మూడక్షరాలకు కర్జనుకు బీరారు ఇచ్చినవాడని జనం వేరే అర్థం చెప్పుకున్నారు.

ఆ మార్చి సంభాషణ ముగిసిన తరువాత, ఏప్రిలులో, కర్జను వరంగల్లు ప్రాంతపు నెక్కొండ అడవులలో నిజాము అతిథిగా పులివేటకు వెళ్ళినాడు. పడిన పులి ముందు దొర, దొరసాని నిలుచున్న ఛాయాచిత్రం రాజా దీనదయాళ్ పేరిట నేటికీ నిలిచి ఉన్నది. ఏప్రిలు వేసవి, కర్ర ఎండి బిగువు సడలే కాలం. అయినా పులి పడినది. అడవి ఎవరిదో, ఏనుగులు ఎవరివో, మంచెలు కట్టినవారు ఎవరో ఆ పటం చూచినవారికి తెలియదు.

తరువాతి ఏండ్లలో ప్రభువు ఫలక్‌నుమాలో ఎక్కువగా గడిపేవాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టను పెట్టుకున్నప్పుడు మాత్రం కొండ దిగి వచ్చి కోటల తలుపులు తెరిపించినాడు. నగరం ఆయనను మరువకపోవడానికి నాణెం మీది గురి కంటె ఆ దినాలే ముఖ్య కారణం. వేటగాళ్ళ లోకంలో అంతకు ముందే ఒక మార్పు జరిగినది. నల్లమందు పోయి కార్డైటు వచ్చినది. 1898లో రిగ్బీ సంస్థ తెచ్చిన.450 జంట రైఫిలు పెద్దవేటకు రాజైనది. తిరుగుబాటుదారులు ఆ తూటాలను పాత మార్టినీలలో వాడుకోగలరన్న భయంతో 1907లో ప్రభుత్వం ఆ కొలత తుపాకులు హిందూదేశంలోకి రాకుండ నిషేధించినది. శిల్పులు .470 వంటి కొత్త కొలతలు కనిపెట్టి, మళ్ళీ గొట్టాలు వాల్చి, మళ్ళీ కుందాలు చెక్కి పంపినారు. తుపాకిలో అన్నిటికంటె బలహీనమైన భాగమని కర్రను అనుకునేవారు ఉన్నారు. శాసనం మాత్రం ఎప్పుడూ ఉక్కు కొలతనే చూచినది.

1911 ఆగస్టు 29న, నలుబదియైదేండ్ల వయస్సులో, మహబూబ్ అలీఖాన్ ఫలక్‌నుమాలో కన్నుమూసినాడు. మక్కా మసీదు ఆవరణలో పూర్వుల సరసన ఆయనను ఖననం చేసినారు. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దె నెక్కి, ఆ డిసెంబరులో తండ్రికి బదులు ఢిల్లీ దర్బారుకు వెళ్ళినాడు. బొల్లారంలో అప్పటికి దండు ఉన్నది, చాందమారీ ఉన్నది, ఉదయపు కాల్పులు ఉన్నవి. కంటింజెంటు 1903లోనే ఆంగ్ల హిందూ సైన్యంలో కలిసిపోయినందున ఆ తుపాకులు పట్టినవారిలో నిజాము సిపాయి అన్న పేరు గలవాడు ఒక్కడూ లేడు.